డయల్ ముల్లు మైనస్ 0.95 దగ్గర ఆగిపోయింది, టర్బో పంపు కొనాలా? ఇంట్లో వాక్యూమ్ సిస్టమ్ గురించి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. మీ దగ్గర పాత ఫ్రిజ్ కంప్రెసర్, మందపాటి గాజు జాడీ, ఒక డయల్ గేజ్ ఉన్నాయి. ముందు గ్లో డిశ్చార్జ్ (పల్చటి గాలిలో కరెంటు పోతే వచ్చే వెలుగు) చూడాలి, ఆ తర్వాత ఎలక్ట్రాన్ బీమ్ తయారుచేసి అయస్కాంతంతో వంచాలి. కానీ ముల్లు మైనస్ 0.95 బార్ దాకా వెళ్ళి అక్కడే ఆగిపోయింది, ఇంక టర్బో పంపు (చాలా వేగంగా తిరిగే రెక్కలతో గాలిని లాగేది) కొనాల్సిందేనా అని. అక్కర్లేదండి. మీరు చెయ్యాలనుకున్న రెండు ప్రయోగాలకీ టర్బో అవసరం లేదు, డిఫ్యూజన్ పంపు (వేడి ఆవిరి ధారతో గాలిని తోసేది) కూడా అవసరం లేదు. అయితే ఆ కంప్రెసర్ సరిపోదు, ఆ గేజ్ అసలు పనికిరాదు, ఆ జాడీ గురించి నాకు భయంగా ఉంది. ఒక్కొక్కటీ చెప్తాను, కొంచెం పెద్దదే అవుతుంది, ఓపిగ్గా చదవండి, ఎందుకంటే నేను ఈ పని మొదలుపెట్టినప్పుడు ఇవన్నీ ఎవరైనా ఒకచోట చెప్పి ఉంటే నాకు రెండేళ్ళు మిగిలేవి.

ముందు గేజ్ సంగతి. డయల్ గేజ్ చూపించేది లోపలి ప్రెషర్ కాదు, బయట గాలికీ లోపలికీ ఉన్న తేడా. సముద్ర మట్టం దగ్గర బయట గాలి సుమారు 1013 మిల్లీబార్ (బార్ లో వెయ్యో వంతు మిల్లీబార్), కాబట్టి మైనస్ 0.95 అంటే లోపల ఇంకా 60 మిల్లీబార్ దాకా గాలి ఉన్నట్టు. మీరు ఎత్తైన చోట ఉంటే లెక్క ఇంకా మారిపోతుంది, 900 మీటర్ల ఎత్తులో బయట గాలే 910 మిల్లీబార్ ఉంటుంది, అక్కడ పూర్తి శూన్యానికి కూడా ముల్లు మైనస్ 0.91 దాటదు. పైగా చవక డయల్ లో తప్పే రెండు మూడు శాతం ఉంటుంది, అంటే 20, 30 మిల్లీబార్. మనకి కావాల్సిన ఆట మొత్తం 1 మిల్లీబార్ కింద జరుగుతుంది. ఆ ముల్లు మందానికి అవతల ఉంది అసలు వాక్యూమ్ అంతా. 1 మిల్లీబార్ కీ 0.001 మిల్లీబార్ కీ మధ్య వెయ్యి రెట్ల తేడా ఉంది, డయల్ కి మాత్రం రెండూ ఒకటే.

నేను ఎవరికైనా మొదట చెప్పేది ఒకటే: పంపు కంటే ముందు గేజ్ కొనండి. ఏసీ మెకానిక్కులు వాడే డిజిటల్ వాక్యూమ్ గేజ్ ఉంటుంది, మైక్రాన్లలో చూపిస్తుంది, ఒక మైక్రాన్ అంటే 0.001 టార్, మన లెక్కలో సుమారు 0.0013 మిల్లీబార్. మొదలుపెట్టడానికి అది చాలు. కొనే పరిస్థితి లేకపోతే పిరానీ గేజ్ ఇంట్లోనే చేసుకోవచ్చు. మార్చెల్లో పిరానీ 1906 లో కనిపెట్టిన పద్ధతి ఇది, సన్నని ఫిలమెంట్ లో చిన్న కరెంటు పెడితే అది వేడెక్కుతుంది, చుట్టూ గాలి ఉంటే వేడి లాగేసుకుంటుంది, గాలి తగ్గేకొద్దీ ఫిలమెంట్ వేడెక్కి దాని రెసిస్టెన్స్ పెరుగుతుంది. ఒకే రకం చిన్న టార్చి బల్బులు రెండు తీసుకోండి, ఒకదాని గాజు మాత్రం ఫిలమెంట్ కి దెబ్బ తగలకుండా పగలగొట్టి ఛాంబర్ లో, అంటే గాలి లాగే పాత్రలో పెట్టండి, రెండోది అలాగే ఉంచి బయట పెట్టండి, రెండింటినీ వీట్‌స్టన్ బ్రిడ్జ్ (రెండు రెసిస్టెన్సుల మధ్య తేడా చూపించే సర్క్యూట్) లో కలపండి. గది వేడి మారినా రెండూ కలిసి మారతాయి కాబట్టి రీడింగ్ పెద్దగా కదలదు. ఫిలమెంట్ వెలిగేంత కరెంటు ఎప్పుడూ పెట్టకండి, వెలగకుండా గోరువెచ్చగా ఉంటే చాలు. సుమారు 10 మిల్లీబార్ నుంచి 0.001 దాకా ఇలాంటి గేజ్ పనిచేస్తుంది, తెలిసినవాళ్ళ మంచి గేజ్ ఒక్కరోజు తెచ్చుకుని పక్కన పెట్టి స్కేల్ రాసుకోండి. ఒక్కటి గుర్తుంచుకోండి, అది గాలికి వేసిన స్కేల్, లోపల హీలియం పెడితే ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది, ఆర్గాన్ పెడితే తక్కువ చూపిస్తుంది.

గేజ్ ఏదీ లేని రోజున నీళ్ళు కూడా గేజ్ లా పనికొస్తాయి. 25 డిగ్రీల నీళ్ళు సుమారు 32 మిల్లీబార్ దగ్గర మరుగుతాయి, అలా మరుగుతూ చల్లబడి చల్లబడి 6 మిల్లీబార్ దగ్గరకొచ్చేసరికి గడ్డ కడతాయి. మరుగుతున్న నీళ్ళు కళ్ళముందే మంచు అవ్వడం నేను ఎన్నిసార్లు చూసినా తనివి తీరలేదు. మీ కంప్రెసర్ తో నీళ్ళు మరుగుతాయా లేదా ఒకసారి చూడండి, డయల్ కంటే అదే నిజం చెప్తుంది.

ఇప్పుడు కంప్రెసర్. అది ఎందుకు ఆగిపోతుందో తెలిస్తే పంపుల గురించి సగం తెలిసినట్టే. పిస్టన్ పైకి వెళ్ళినప్పుడు సిలిండర్ పైభాగంలో కొంచెం ఖాళీ మిగులుతుంది, వాల్వ్ కి చోటు కావాలి కదా. ఆ ఖాళీలో ఒక అట్మాస్ఫియర్ గాలి ఇరుక్కుంటుంది. పిస్టన్ కిందకి దిగితే ఆ ఇరుక్కున్న గాలే వ్యాకోచించి సిలిండర్ నింపుతుంది, ఛాంబర్ నుంచి కొత్త గాలి రావడానికి చోటే ఉండదు. ఆ ఖాళీ స్ట్రోక్ లో యాభయ్యో వంతు ఉందనుకోండి, 1000 ని 50 తో భాగిస్తే 20 మిల్లీబార్, అక్కడితో దాని పని అయిపోయింది, రాత్రంతా తిప్పినా దిగదు. రెండు కంప్రెసర్లు వరసగా కలిపితే, అంటే మొదటిది వదిలే గాలిని రెండోది లాగేస్తే, మొదటిదానిలో ఇరుక్కునే గాలి కూడా పల్చబడుతుంది, అప్పుడు కొన్ని మిల్లీబార్ల దాకా దిగొచ్చు. గంట కొట్టి శబ్దం తగ్గడం వినడానికి, బెలూన్ ఉబ్బించడానికి, నీళ్ళు మరిగించడానికి అది చాలు. రోటరీ వేన్ పంపులో, అంటే పిస్టన్ బదులు తిరిగే రెక్కలున్న పంపులో, ఆ ఖాళీని నూనె నింపేస్తుంది, అందుకే అది వెయ్యి రెట్లు కిందకి వెళ్తుంది. ఆ పంపుల్లో నూనె కందెన మాత్రమే అనుకుంటారు చాలామంది, అసలు సీలు వేసేదే నూనె.

కంప్రెసర్ వాడేవాళ్ళకి ఒక హెచ్చరిక. ఇప్పటి ఫ్రిజ్ లలో చాలావాటిలో ఆర్ 600ఏ అనే గ్యాస్ ఉంటుంది, అది ఐసోబ్యూటేన్, మండుతుంది. పైపుల్ని టార్చి మంటతో కొయ్యకండి, మెకానిక్ తో గ్యాస్ తీయించి తర్వాతే ముట్టుకోండి. ఇంకోటి, ఆ మోటారు చల్లబడేది లోపలికొచ్చే రిఫ్రిజిరెంట్ తోనే, వాక్యూమ్ లో అది రాదు కాబట్టి త్వరగా కాలిపోయేంత వేడెక్కుతుంది, ఎక్కువసేపు తిప్పకూడదు.

కాబట్టి కొనేది ఒక్కటే అయితే ఏసీ సర్వీస్ కి వాడే రెండు స్టేజీల రోటరీ వేన్ పంపు కొనండి. రెండు స్టేజీలు (లోపల రెండు పంపులు వరసగా ఉన్నట్టు) అని ఖచ్చితంగా చూసి కొనండి. నిమిషానికి 50, 60 లీటర్లు లాగేది చాలు. కంపెనీ వాళ్ళు 15, 20 మైక్రాన్లు అని రాస్తారు, అంటే 0.02, 0.03 మిల్లీబార్ దగ్గర. కొత్త నూనె పోసి, పావుగంట వేడెక్కనిచ్చి, మూతి మూసి చూస్తే చాలా పంపులు ఆ దరిదాపుల్లోకి వస్తాయి. పాత లాబ్ పంపు దొరికితే ఇంకా మంచిది, బరువుంటుంది, కానీ నూనె రెండు మూడుసార్లు మార్చి తిప్పితే 0.005 దాకా దిగినవి చూశాను.

పంపు సైజు గురించి ఎక్కువ ఆలోచించకండి. లెక్క తేలిక, పట్టే టైము ఛాంబర్ వాల్యూమ్ ని పంపు స్పీడుతో భాగించి, ప్రెషర్ ఎన్ని రెట్లు తగ్గాలో దాని నేచురల్ లాగరిథం తో గుణించాలి. 5 లీటర్ల ఛాంబర్, సెకనుకి 1 లీటరు లాగే పంపు, 1000 నుంచి 0.01 దాకా అంటే లక్ష రెట్లు, దాని లాగరిథం 11.5, కాబట్టి 5 ఇంటూ 11.5 సెకన్లు, నిమిషం కూడా పట్టదు. నిజంగా చేస్తే మాత్రం నిమిషంలో 1 మిల్లీబార్ కిందకి వచ్చి, అక్కడినుంచి నత్తలా పాకుతుంది. ఎందుకంటే అక్కడినుంచి మీరు లాగేది ఛాంబర్ లో ఉన్న గాలి కాదు, కొత్తగా వస్తున్న గాలి. ఇదే నేను చెప్పాలనుకున్న అసలు విషయం. మంచి వాక్యూమ్ రాకపోతే అందరూ పెద్ద పంపు కొంటారు. చూడాల్సింది పంపుని కాదు, గ్యాస్ ఎక్కడినుంచి వస్తోంది, పంపు దాకా ఎలా వెళ్తోంది అని.

గ్యాస్ వచ్చే దారులు మూడు: లీకులు, నీళ్ళు, ఇరుక్కున్న గాలి. గ్యాస్ వెళ్ళే దారి ఒకటే, గొట్టం. నేను మొదట గొట్టంలోనే దెబ్బతిన్నాను. పంపు మూతి దగ్గర గేజ్ పెడితే 0.03 మిల్లీబార్, ఛాంబర్ దగ్గర పెడితే 0.3, పది రెట్లు తేడా. మధ్యలో ఉన్నది 8 మిల్లీమీటర్ల లోపలి వ్యాసం, మీటరున్నర పొడుగు గొట్టం. ఇంత పల్చటి గాలి గొట్టంలో నీళ్ళలా ప్రవహించదు, అణువులు గోడలకి తగిలి అటూ ఇటూ ఎగురుతూ ఎప్పటికో అవతలకి చేరతాయి. ఆ స్థితిలో గొట్టం సెకనుకి ఎన్ని లీటర్లు పంపగలదంటే, 12 ని వ్యాసం క్యూబ్ తో గుణించి పొడుగుతో భాగించాలి, రెండూ సెంటీమీటర్లలో. నా గొట్టానికి వేసి చూస్తే 0.04 వచ్చింది! కొంచెం ఎక్కువ ప్రెషర్ దగ్గర ఇది 0.1 దాకా పెరుగుతుంది, అయినా సెకనుకి లీటరు లాగే పంపుకి ఆ గొట్టం తగిలిస్తే పదో వంతు పంపు మిగిలినట్టే. దాన్ని తీసేసి 25 మిల్లీమీటర్ల పైపు, 30 సెంటీమీటర్ల పొడుగుతో పెట్టాను, అదే లెక్కలో 6 లీటర్లు దాటింది, అదే పంపుతో ఛాంబర్ 0.04 కి దిగింది. అప్పటికే పెద్ద పంపు కోసం డబ్బులు దాచడం మొదలుపెట్టాను, ఆ డబ్బులతో తర్వాత మంచి ఫ్లాంజులు (పైపులు కలిపే అంచులు) కొన్నాను. వ్యాసం రెట్టింపు చేస్తే ఎనిమిది రెట్లు లాభం, పొడుగు సగం చేస్తే రెండు రెట్లు. పంపుని ఛాంబర్ కిందే పెట్టండి, గొట్టం గోడ మందంగా ఉండాలి, లేకపోతే నొక్కుకుపోతుంది.

లీకుల సంగతి. ఎంత చిన్న రంధ్రం ఎంత పాడుచేస్తుందో ఒక అంకె చెప్తాను. బయట గాలి ఒక రంధ్రంలోంచి వాక్యూమ్ లోకి దూరితే ప్రతి చదరపు సెంటీమీటరుకీ సెకనుకి 20 లీటర్ల చొప్పున వస్తుంది. 0.1 మిల్లీమీటరు రంధ్రం, అంటే వెంట్రుక మందం, సెకనుకి లీటరు లాగే పంపుని 1.6 మిల్లీబార్ దగ్గర ఆపేస్తుంది. 0.01 మిల్లీమీటరు రంధ్రం, కంటికి ఏమాత్రం కనపడదు, 0.016 దగ్గర ఆపేస్తుంది. ఓ-రింగ్ (జాయింటులో సీలు వేసే రబ్బరు రింగు) మీద ఒక్క వెంట్రుక అడ్డంగా పడినా వాక్యూమ్ పోయినట్టే, నేను ఒక్క వెంట్రుక కోసం రెండు వారాలు ఛాంబర్ మొత్తం ఊడదీసి బిగించాను. ఇప్పుడు ఓ-రింగ్ పెట్టే ముందు ప్రతిసారీ వెలుగులో తిప్పి చూసి, నూలు పోగులు రాని గుడ్డతో తుడిచి, వాక్యూమ్ గ్రీజు మెరుపు కనపడేంత మాత్రమే రాసి పెడతాను. గ్రీజు ముద్దలుగా పెడితే లీకు ఆగదు, దుమ్ము అంటుకుంటుంది, గ్రీజే గ్యాస్ వదులుతుంది. ఓ-రింగ్ కూర్చునే ముఖాన్ని ఎమరీ పేపర్ తో రుద్దేటప్పుడు రింగ్ తిరిగే దారిలోనే గుండ్రంగా రుద్దండి, అడ్డంగా పడ్డ ఒక్క గీత చాలు, అది లోపలికీ బయటకీ మధ్య కాలువ. గుండ్రంగా పడ్డ గీతలు ఎన్ని ఉన్నా పెద్ద నష్టం లేదు.

కరెంటు వైర్లు లోపలికి పంపడంలో అందరూ చేసే తప్పు ఒకటుంది. ప్లాస్టిక్ తొడుగు ఉన్న మల్టీ స్ట్రాండ్ వైరుని రంధ్రంలో దూర్చి చుట్టూ ఎపాక్సీ జిగురు పోస్తారు. బయట ఎంత ఎపాక్సీ పోసినా ఆ తొడుగులోపల పోగుల మధ్యనుంచి గాలి పైపులోంచి వచ్చినట్టు వస్తుంది. ఒంటి రాగి తీగ, ఇన్సులేషన్ పూర్తిగా గీకేసి, నెమ్మదిగా గట్టిపడే రెండు ట్యూబుల ఎపాక్సీతో అతకండి, ఐదు నిమిషాల రకం వద్దు. హై వోల్టేజ్ కి అయితే కారు స్పార్క్ ప్లగ్ బాగా పనికొస్తుంది, దాని సిరామిక్ వేల వోల్టుల కోసమే చేసింది, కింద ఉండే వంగిన కొక్కెం కోసేసి, ప్లేటులో థ్రెడ్ కొట్టి, వాషర్ కింద ఓ-రింగ్ పెట్టి బిగించడమే.

నీళ్ళ సంగతి ఇంకా ముఖ్యం, లీకు అని మనం వెతికేదాంట్లో సగం నీళ్ళే. ఒక చుక్క, 0.05 గ్రాము అనుకోండి, 0.01 మిల్లీబార్ దగ్గర ఆవిరైతే సుమారు 6800 లీటర్లు అవుతుంది. నిమిషానికి 50 లీటర్ల పంపుకి రెండు గంటల పైన పని, ఒక్క చుక్కకి. చుక్క కనపడక్కర్లేదు, గోడలకి పట్టిన తేమ, వేలి ముద్ర, అక్రిలిక్ పీల్చుకున్న నీళ్ళు, పెయింట్, చెక్క, స్పాంజి, మాస్కింగ్ టేప్, అన్నీ ఇదే చేస్తాయి. లోపలికి వెళ్ళే ప్రతి వస్తువునీ సబ్బు నీళ్ళతో కడిగి, మంచి నీళ్ళతో కడిగి, చివర ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తో తుడిచి ఆరబెట్టండి, తర్వాత గ్లవ్స్ తోనే ముట్టుకోండి. అక్రిలిక్ ని మాత్రం ఆల్కహాల్ తో తుడవకండి, సన్నని పగుళ్ళు వస్తాయి. మెటల్ ఛాంబర్ అయితే పంపు తిరుగుతుండగా హెయిర్ డ్రయర్ తో బయటనుంచి బాగా వెచ్చచేయండి, ప్రెషర్ ముందు పెరిగి తర్వాత మునుపటికంటే కిందకి దిగుతుంది, అది చూస్తుంటే నీళ్ళు పోతున్నట్టు తెలుస్తుంది. పని లేనప్పుడు ఛాంబర్ ని తెరిచి ఉంచకండి, వాల్వ్ మూసి వాక్యూమ్ లోనే వదిలెయ్యండి.

ఇరుక్కున్న గాలి అంటే, ఉదాహరణకి మూసుకుపోయిన రంధ్రంలో స్క్రూ బిగిస్తే దాని అడుగున గాలి ఉండిపోతుంది, థ్రెడ్ల మధ్యనుంచి గంటలు గంటలు కారుతుంది. బయట ఎంత వెతికినా లీకు దొరకదు, ఎందుకంటే లీకు లోపలే ఉంది. స్క్రూ మధ్యలో సన్నగా డ్రిల్ చెయ్యండి, లేదా పక్కన ఫైలుతో ఒక గాడి పెట్టండి.

వీటిలో ఏది మీ సమస్యో ఎలా తెలుస్తుంది? ముందు పంపు మూతికే గేజ్ తగిలించి చూడండి. పంపు బాగుంటే తప్పు అవతల ఉంది. తర్వాత ఛాంబర్ ని లాగి, మధ్య వాల్వ్ మూసి, ప్రతి అర నిమిషానికీ ప్రెషర్ రాసుకుని గ్రాఫ్ గియ్యండి. గీత వంగకుండా తిన్నగా, ఆగకుండా పెరుగుతుంటే నిజమైన లీకు. మొదట వేగంగా పెరిగి తర్వాత వంగి ఒకచోట ఆగిపోతుంటే అది తేమ, గ్యాస్ వదిలే వస్తువులు. దీంట్లోంచి అంకె కూడా వస్తుంది, 5 లీటర్ల ఛాంబర్ లో 100 సెకన్లకి 0.1 మిల్లీబార్ పెరిగితే, 5 ఇంటూ 0.1 బై 100, సెకనుకి 0.005 మిల్లీబార్ లీటర్లు వస్తోంది, సెకనుకి లీటరు లాగే పంపుతో ఈ ఛాంబర్ ఎంత గింజుకున్నా 0.005 కిందకి పోదు. ఈ ఒక్క గ్రాఫ్ గియ్యడం అలవాటైతే వాక్యూమ్ పనిలో చీకట్లో తడుముకోవడం ఉండదు. లీకు అని తేలితే, హై వోల్టేజ్ పూర్తిగా ఆపేసి, కిటికీలు తెరిచి, ఒక్కొక్క జాయింటు మీదా ఐసోప్రొపైల్ ఆల్కహాల్ రెండు చుక్కలు వెయ్యండి, లీకు ఉన్నచోట వేయగానే పిరానీ రీడింగ్ గెంతుతుంది. పైనుంచి కిందకి కాకుండా కింది జాయింట్ల నుంచి పైకి రండి, లేకపోతే కారిన ఆల్కహాల్ తప్పుదారి పట్టిస్తుంది.

ఇక ఛాంబర్, మీ జాడీ. దయచేసి ఆ జాడీ వాడకండి. గాలి ప్రతి చదరపు సెంటీమీటరు మీదా కిలో బరువు పెడుతుంది, 20 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న మూత మీద 325 కిలోలు. ఇళ్ళలో వాడే జాడీల గాజు మందం ఒకేలా ఉండదు, అడుగు బల్లపరుపుగా ఉంటుంది, కంటికి కనపడని గీత నుంచి ఒక్కసారిగా బద్దలవుతుంది, ముక్కలు లోపలికి దూసుకెళ్ళి అదే ఊపులో అవతలివైపు నుంచి బయటకొస్తాయి. పదిసార్లు తట్టుకుంది కాబట్టి పదకొండోసారి తట్టుకుంటుందని లెక్క లేదు. నా సలహా, 8 నుంచి 10 సెంటీమీటర్ల వ్యాసం, 5 మిల్లీమీటర్ల గోడ ఉన్న బోరోసిలికేట్ గాజు గొట్టం ముక్క, రెండు చివరలా 12 మిల్లీమీటర్ల అల్యూమినియం ప్లేట్లు, మధ్యలో నైట్రైల్ రబ్బరు గాస్కెట్లు. గొట్టం చివరలు గ్రైండ్ చేసి సమంగా ఉండాలి. బోల్టులు కూడా అక్కర్లేదు, గాలే 50 నుంచి 80 కిలోలతో నొక్కిపెడుతుంది. పైపులూ వైర్లూ అన్నీ ప్లేట్లలోంచి వస్తాయి కాబట్టి గాజుకి రంధ్రం పెట్టే పనే లేదు. చుట్టూ అక్రిలిక్ షీల్డ్ ఒకటి, కళ్ళకి గాగుల్స్, ఇవి ప్రతిసారీ. పెద్ద ఛాంబర్ కావాలంటే మందమైన స్టీలు గిన్నె మీద అక్రిలిక్ పలక పెట్టొచ్చు, 20 సెంటీమీటర్ల మూతికి 20 మిల్లీమీటర్ల పలక వెయ్యండి, సన్నంగా ఉంటే మధ్యలో వంగడం మీకే కనపడుతుంది. పీవీసీ పైపు వద్దు, పాత టీవీ పిక్చర్ ట్యూబుల జోలికి అసలు పోవద్దు.

ఇప్పుడు మీ ప్రయోగం. 0.01 మిల్లీబార్ దగ్గర గాలి అణువు మరో అణువుని గుద్దుకోకుండా సగటున 7 మిల్లీమీటర్లు వెళ్తుంది, 0.001 దగ్గర 7 సెంటీమీటర్లు. ఎలక్ట్రాన్ అంతకంటే చాలా చిన్నది కాబట్టి అదే గాలిలో ఐదారు రెట్లు ఎక్కువ దూరం పోతుంది, కిలోవోల్టుల వేగం ఉంటే ఇంకా ఎక్కువ. అందుకే 0.01, 0.03 దగ్గరే మీకు బీమ్ వస్తుంది, పైగా మిగిలిన ఆ కాస్త గాలి వల్లే బీమ్ దారి నీలంగా వెలిగి కంటికి కనపడుతుంది. మరీ మంచి వాక్యూమ్ లో అయితే బీమ్ కనపడదు, తెర మీద చుక్క మాత్రమే కనపడుతుంది. కావాల్సినవి: అల్యూమినియం డిస్క్ కాథోడ్ (నెగటివ్ వైపు), దాని ఎదురుగా మధ్యలో 2 మిల్లీమీటర్ల రంధ్రం ఉన్న ఆనోడ్ (పాజిటివ్ వైపు), చివర తెరగా జింక్ సల్ఫైడ్ పొడి పూసిన పలక. ఎలక్ట్రాన్ల కోసం వేడి ఫిలమెంట్ పెట్టకండి, ఈ ప్రెషర్ దగ్గర వేడి టంగ్‌స్టన్ త్వరగా కాలిపోతుంది, దానికి 0.0001 కింద కావాలి, అప్పుడే డిఫ్యూజన్ పంపు ఆలోచన.

పంపు లాగుతుండగా గొట్టంలో రంగులు చూడండి, అది కూడా గేజే. ముందు సన్నని దారాల్లా మెరుపులు, 1 మిల్లీబార్ దగ్గరకొచ్చేసరికి గొట్టం నిండా గులాబీ ఊదా వెలుగు, ఇంకా దిగితే అది పొరలు పొరలుగా విడిపోతుంది, కాథోడ్ దగ్గర చీకటి ప్రాంతం పెరుగుతూ వస్తుంది, 0.01 దగ్గర ఆ చీకటి గొట్టమంతా ఆక్రమించి గాజు గోడలే మెరవడం మొదలవుతుంది, అదే కాథోడ్ కిరణాలు, అంటే ఎలక్ట్రాన్ల ధార, వచ్చిన గుర్తు.

బీమ్ వచ్చాక ముందు అయస్కాంతంతోనే వంచండి, ప్లేట్లకి వోల్టేజ్ పెట్టి వంచాలని చూస్తే నిరాశపడతారు. 1883 లో హైన్రిక్ హెర్ట్జ్ కి ఇదే జరిగింది, ప్లేట్ల మధ్య కాథోడ్ కిరణాలు వంగలేదు, అందుకని వాటికి ఛార్జ్ లేదనుకున్నాడు. గొట్టంలో మిగిలిన గాలి అయాన్లుగా మారి ప్లేట్ల ఫీల్డ్ ని కప్పేసింది. 1897 లో జె.జె. థామ్సన్ ఇంకా మంచి వాక్యూమ్ తీసి అదే ప్రయోగం చేస్తే వంగాయి, ఎలక్ట్రాన్ బయటపడింది. మీ పంపుతో మీరు హెర్ట్జ్ దగ్గర ఉంటారు, థామ్సన్ దగ్గరకి వెళ్ళాలంటే ఇంకో పది, వంద రెట్లు దిగాలి. ఆ తేడాని మీ చేతులతో మీరే చూడడం నాకైతే ఏ పుస్తకం చదవడం కంటే గొప్పగా అనిపించింది.

వోల్టేజ్ విషయంలో మాత్రం నేను చెప్పినట్టే చెయ్యండి. మైక్రోవేవ్ ఓవెన్ ట్రాన్స్‌ఫార్మర్ ఎట్టి పరిస్థితిలోనూ వద్దు, అది ఒక్కసారికే చంపుతుంది. రెండు మూడు కిలోవోల్టులు, కరెంటు ఒకటి రెండు మిల్లీ యాంపులకి మించకుండా రెసిస్టర్లతో కట్టడి చేసిన సప్లై వాడండి, మెటల్ ప్లేట్లలో బయటికి చెయ్యి తగిలేదాన్ని, పంపునీ ఎర్త్ చెయ్యండి, ఆపేశాక కెపాసిటర్లు డిశ్చార్జ్ చేసే ముట్టుకోండి. 5 కిలోవోల్టుల లోపు ఉంటే వచ్చే ఎక్స్ కిరణాలని గాజు గోడ ఆపేస్తుంది, 15, 20 దాటితే ఆ నమ్మకం లేదు, అక్రిలిక్ అయితే గాజు ఆపినంత ఆపదు. కాబట్టి 5 దాటకండి. ఇంకోటి, పాషెన్ లా (ప్రెషర్, దూరం బట్టి గాలి ఎన్ని వోల్టులకి బ్రేక్‌డౌన్ అవుతుందో చెప్పే సూత్రం) ప్రకారం గాలి అన్నిటికంటే తేలిగ్గా, 330 వోల్టులకే బ్రేక్‌డౌన్ అయ్యే ప్రెషర్ మన పని జరిగే చోటే ఉంది, బయట సురక్షితంగా ఉన్న వైర్ల మధ్య కూడా లోపల డిశ్చార్జ్ వచ్చేస్తుంది. లోపలి వైర్లకి గాజు లేదా సిరామిక్ గొట్టాలు తొడగండి.

పంపు ఆపేటప్పుడు ముందు ఛాంబర్ వాల్వ్ మూసి, పంపు వైపుకి గాలి వదిలి, తర్వాత స్విచ్ తియ్యండి. నేను ఒకసారి వదలకుండా వెళ్ళిపోతే తెల్లారేసరికి పంపు నూనె గొట్టంలోకి, అక్కడినుంచి ఛాంబర్ లోకి ఎక్కేసింది, కడగడానికి మూడు రోజులు పట్టింది. నూనె పాలలా తెల్లబడితే నీళ్ళు చేరినట్టు, గ్యాస్ బాలస్ట్ (పంపులోకి కొంచెం గాలి వదిలే చిన్న వాల్వ్) తెరిచి అరగంట తిప్పండి, పోకపోతే నూనె మార్చండి. ఎగ్జాస్ట్ లో వచ్చే నూనె పొగ గదిలో పీల్చకూడదు, పైపు వేసి బయటకి పంపండి. ఆక్సిజన్ ఎక్కువున్న గ్యాస్ ని మామూలు మినరల్ ఆయిల్ ఉన్న పంపుతో లాగకండి, పేలొచ్చు.

డిఫ్యూజన్ పంపు ఎప్పుడు అంటే, అద్దం మీద అల్యూమినియం ఆవిరి పూత వెయ్యాలన్నా, ప్లేట్లతో బీమ్ వంచాలన్నా. వోల్ఫ్‌గాంగ్ గేడే అనే శాస్త్రవేత్త 1915 లో పాదరసంతో చేశాడు, 1928 లో బర్చ్ అనే ఆయన నూనెతో చెయ్యొచ్చని చూపించాడు, పాతది కొంటే నూనె రకమే కొనండి, పాదరసం ఇంట్లోకి తేవద్దు. దానికి కదిలే భాగాలే లేవు, హీటర్ బాగుంటే పంపు బాగున్నట్టే, అందుకే పాత టర్బో కంటే పాత డిఫ్యూజన్ పంపు నయం. టర్బో బేరింగులు ఏ స్థితిలో ఉన్నాయో కొనేటప్పుడు తెలియదు, తిరుగుతుండగా ఒక్కసారి గాలి దూరితే రెక్కలు పోతాయి. డిఫ్యూజన్ పంపుని రోటరీతో 0.1 కిందకి లాగాకే వేడి చెయ్యాలి, చల్లారాకే గాలి వదలాలి, వేడి నూనె మీదకి గాలి పోతే నూనె పాడైపోతుంది. అయితే రాగి పూత లాంటిది కావాలంటే స్పట్టరింగ్ (అయాన్లతో లోహాన్ని కొట్టి, ఊడిన అణువులతో పూత వెయ్యడం) ఉంది, 0.05, 0.1 మిల్లీబార్ దగ్గరే, ఆర్గాన్ కొద్దిగా వదులుతూ, రోటరీ పంపు ఒక్కదానితోనే అవుతుంది, దాని గురించి ఎవరూ ఎక్కువ చెప్పరు.

ప్రస్తుతానికి మీరు చెయ్యాల్సింది, గేజ్ తెచ్చుకోండి, రెండు స్టేజీల పంపు తెచ్చుకోండి, ఇంకేమీ బిగించకుండా గేజ్ ని పంపు మూతికే తగిలించి ఇరవై నిమిషాలు తిప్పి ఆగిన అంకె రాసుకోండి. తర్వాత ఛాంబర్ తగిలించి వాల్వ్ మూసి పది నిమిషాల గ్రాఫ్ గియ్యండి. ఆ రెండూ నాకు చెప్తే, మీ గొట్టం పొడుగూ వ్యాసం కూడా చెప్తే, తప్పు ఎక్కడుందో చాలావరకు ఇక్కడినుంచే చెప్పగలను.